ప్రామాణిక వేలు

మా జిల్లాలో ప్రభుత్వం వేలు పెట్టని సంగతి చాలాకాలం ఒక్కటే మిగిలింది. అది వేలు. నిరుడు వానాకాలంలో ఆ లోటు కూడా తీరిపోయింది.

దీనికంతటికీ మూలం మా ఆవిడ హైమావతి అని కొందరు వేలెత్తి చూపిస్తున్నారు కాబట్టి, జరిగింది పూసగుచ్చినట్టు చెప్పడం భర్తగా నా బాధ్యత. పూసలు గుచ్చేది ఆవిడే. చెప్పే పని మాత్రం నాకు వదిలేసి, మధ్యలో సరిదిద్దే పని అట్టిపెట్టుకుంది.

హైమ ఇంట్లో కూర్చుని తీగతో, పూసలతో ఉంగరాలు చేస్తుంది. మోటార్లు చుట్టే వీర్రాజు షాపులో మిగిలిపోయిన రాగి తీగ ముక్కలు, సంతలో దొరికే గాజు పూసలు, ఒక చిన్న ముక్కు పటకారు. సరంజామా అంతే. మధ్యాహ్నం అంట్లు సర్దేశాక వంటింట్లో పాత క్యాలెండర్ కాగితం పరుచుకుని కూర్చుంటుంది. ఉంగరం కావలసినవాళ్ళు ఎదురుగా పీట మీద కూర్చుని చెయ్యి చాపాలి. కొలతల్లేవు, అచ్చుల్లేవు. తీగని తిన్నగా ఆ వేలికే రెండు చుట్లు చుడుతుంది. మధ్యలో పూస దూరుస్తుంది. మిగిలిన కొసల్ని పూసకి అటొకటి ఇటొకటి మెలితిప్పి, పటకారుతో లోపలికి నొక్కి, గుచ్చుకుంటుందేమోనని తన గోటితో ఒకసారి రాసి చూస్తుంది. మొత్తం పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో తీగ వేలికి చుట్టుకుంటుంది, వీధిలో కబుర్లన్నీ మా వంటింటికి చుట్టుకుంటాయి.

ఒక మధ్యాహ్నం ఆ పీట మీదికి త్రిపుర టీచర్ వచ్చి కూర్చుంది.

త్రిపుర టీచర్ అంటే మా ఊళ్ళో లెక్కలు. ముప్పై రెండేళ్ళు బళ్ళో లెక్కలు చెప్పి, సగం ఊరిని గోడకుర్చీ వేయించి, ఆ ఏడు వేసవిలోనే రిటైరైంది. హైమ కూడా ఆవిడ దగ్గర చదువుకున్నదే. టీచర్ పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరన్నా అడిగితే, "దిద్దాల్సిన పేపర్లున్నాయి" అనేది. ఇప్పుడు పేపర్లు అయిపోయాయి. పన్నెండేళ్ళుగా రోజూ సాయంత్రం మునిసిపల్ లైబ్రరీకి వెళ్ళి అక్కడి పుస్తకాలన్నీ చదివేసింది. మిగిలింది లైబ్రేరియన్ కాంతారావు గారు ఒక్కరే. ఆయన భార్య పోయి చాలా ఏళ్ళయింది. ఇద్దరూ మాట్లాడుకుని రిజిస్ట్రారాఫీసులో పెళ్ళి చేసుకుందామనుకున్నారు. మేళం లేదు, మంగళసూత్రం లేదు. ఒక్క ఉంగరం చాలని ఆయనన్నారు.

ఆ ఒక్కటే చిక్కయింది.

"చూడవే హైమా," అని టీచర్ ఎడమచెయ్యి చాపింది. ఉంగరపు వేలి కణుపు వాతంతో కాయలా ఉబ్బి ఉంది. కణుపుకి అటువైపు వేలు మాత్రం పుల్లలా సన్నం. "మూడు బంగారం కొట్లు తిరిగాం. వేలికి సరిపోయేది కణుపు దాటదు. కణుపు దాటేది లోపలికెళ్ళి గిరగిర తిరుగుతుంది."

"మనకా బాధ లేదు టీచర్. కణుపు దాటాకే తీగ చుడతాను, అక్కడే బిగిస్తాను."

"మరి తర్వాత తియ్యడం ఎలాగే?"

గుమ్మం దగ్గర గొడుగు పట్టుకుని నిలబడ్డ కాంతారావు గారు మెల్లిగా దగ్గారు. "తియ్యడానికి కాదుగా," అన్నారు.

ముప్పై రెండేళ్ళలో త్రిపుర టీచర్ తలొంచుకోవడం నేను చూసింది అదే మొదలు. ఆకుపచ్చ పూస ఎంచుకుంది. అంత పచ్చనిది హైమ డబ్బాలో ఆ పూట లేదు. సోమవారం సంతలో తెస్తాను, మంగళవారం చుడతానంది హైమ. పెళ్ళికి ఇంకా నెల్లాళ్ళుంది.

ఈ మధ్యలో మంగళవారం కంటే ముందు మార్కండేయులు గారు వచ్చారు.

మార్కండేయులు గారు జిల్లా గృహకళా ప్రోత్సాహక మండలికి సహాయ సంచాలకులు. మనిషి మంచివారు. ఎవరికీ హాని చేసే ఉద్దేశం లేదు. ప్రోత్సహించే ఉద్దేశమే ఉంది, అదీ బలంగా. ఆ నెల్లోనే పైనుంచి 'ఇంటింటా ఉంగరం' అనే పథకం దిగింది. దాని కింద చూపించడానికి జిల్లాలో ఎక్కడన్నా ఒక ఉంగరం, ఒక ఇల్లు ఉందా అని వెతుక్కుంటూ జీపు వేసుకుని మా వీధికొచ్చారు. హైమ పని చూసి ఆయన కళ్ళు చెమర్చాయి.

"అమ్మా! ఇది పని కాదు, ఇది ఒక సంపద. మీ వంటి గృహిణీమణులను గుర్తించుటయే మా మండలి ధ్యేయము," అని అక్కడికక్కడే ఒక గుర్తింపు కార్డు రాసిచ్చారు. ఫోటో కూడా తీశారు. హైమ సంబరంగా సంతకం పెట్టింది. కింద చిన్న అక్షరాల్లో 'మండలి నియమావళికి కట్టుబడి ఉందును' అని ఉంది. తీగ కట్టేవాళ్ళు ఏదో ఒకదానికి కట్టుబడక తప్పదు కదా అని నేనూ ఊరుకున్నాను.

కార్డు ఇచ్చాక ఆయన ఫారం తీశారు. "ఉంగరం సైజు?"

"వేలంత సార్," అంది హైమ.

"ఎవరి వేలంత?"

"ఎవరికి చేస్తే వాళ్ళ వేలంత."

మార్కండేయులు గారి కలం ఆగిపోయింది. "అంటే... ఒక్కో ఉంగరం ఒక్కో సైజా?"

"ఒక్కో వేలు ఒక్కో సైజు సార్. ఉంగరాన్ననడం ఎందుకు?"

"అమ్మా, అలా అయితే ప్రమాణం అనేది ఎక్కడుంది? రేపు పైవారు ఉంగరమంటే ఎంత అని అడిగితే నేనేం జవాబివ్వాలి? ప్రమాణం లేని వస్తువుని ప్రోత్సహిస్తే అది ప్రోత్సాహం కాదు, పక్షపాతం."

అనడమే కాదు, కాగితం మీద కూడా పెట్టారు. 'ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, ప్రామాణిక వేలు నిర్ధారణ అగునంతవరకు జిల్లాయందు గుర్తింపు పొందిన గృహిణులు ఎట్టి ఉంగరమును చేయరాదు.' గుర్తింపు పొందిన గృహిణి అప్పటికి ఒక్కర్తే. హైమ పటకారు కూడా పరిశీలనకని కవర్లో వేసి పట్టుకెళ్ళారు.

సోమవారం సంతలో ఆకుపచ్చ పూస దొరికింది. మంగళవారం టీచర్ వస్తే, హైమ వీధి తలుపు దగ్గరగా వేసి గుసగుసలాడింది. "కూర్చోండి టీచర్. పటకారు పోతే పోయింది, మా ఆయన గోళ్ళు కత్తిరించుకునే కత్తెరుంది. పది నిమిషాల్లో చుట్టేస్తా. ఎవరికి తెలుస్తుంది?"

టీచర్ హైమ కేసి చూసిన చూపు తొమ్మిదో తరగతి నాటిది. మా ఆవిడ తెలియకుండానే లేచి నిలబడింది.

"ఎవరికి తెలుస్తుందనా? ముప్పై రెండేళ్ళు పిల్లలకి కాపీ కొట్టొద్దని చెప్పి, నా పెళ్ళికి నేను దొంగ ఉంగరం పెట్టుకోనా? రూలు వచ్చింది. రూలు ప్రకారమే చేయించుకుంటాను. తప్పయితే తప్పని ఆయనే దిద్దుకుంటాడు."

"ఆయన దిద్దుకునేలోపు ముహూర్తం దాటిపోతుంది టీచర్."

"ముహూర్తం కాదు, రిజిస్ట్రారిచ్చిన టైము. గురువారం పదకొండున్నర. ఇంకా మూడు వారాల రెండ్రోజులుంది. అంటే ఇరవై మూడు రోజులు," అని లెక్క చెప్పి వెళ్ళిపోయింది. ఉంగరం లేకుండా సంతకం పెట్టనని కూడా గుమ్మంలో చెప్పి వెళ్ళింది. ఆవిడ చెప్పిన లెక్క తప్పడం ఊళ్ళో ఎవరూ ఎరగరు.

ఇక ప్రామాణిక వేలు నిర్ధారణకి సర్వే మొదలైంది. జిల్లాలో నాలుగువేల ఇళ్ళు ఎంచుకుని, ఇంటిపెద్ద వేలు చుట్టుకొలత తీసుకురమ్మని సిబ్బందికి టేపులిచ్చి పంపారు. నాలుగువేల వేలు! కొలతలో ఎక్కడా పొరపాటు జరగలేదు. అందరూ శ్రద్ధగానే కొలిచారు. కాకపోతే, మన ఆఫీసుల్లో నలభై ఏళ్ళుగా ఎవరిదైనా వేలు కావాలంటే ముందు పట్టుకునేది ఎడమచేతి బొటనవేలు. సిబ్బంది ఆ అలవాటు కొద్దీ బొటనవేలే పట్టుకున్నారు. జనమూ అలవాటు కొద్దీ అదే చాపారు. మా పక్కింటి వెంకాయమ్మ గారైతే టేపు చూసి, "ఇంకు ఏదిరా?" అని అడిగి, కొలత అయిపోయాక వేలు తలకి రాసుకుని లోపలికెళ్ళింది.

సగటు తీశారు. ఎడమచేతి బొటనవేలు, అందులోనూ ఇంటిపెద్దలు ఎక్కువమంది మగవాళ్ళు. వచ్చిన అంకెని మార్కండేయులు గారు చూసి, "మన జిల్లా వేళ్ళు పుష్టిగా ఉన్నాయి," అని సంతోషించారు.

ఆ కొలతకి కొయ్యతో ఒక వేలు చేయించారు. బొమ్మలు చెక్కే ఆయనకి ఆర్డరిచ్చారు. ఆయన బొమ్మలకి వాడే మెత్తటి పొనికి చెక్కతో చక్కగా చెక్కి, తన అలవాటు కొద్దీ గులాబీ రంగు వేసి, కొసన ఎర్రటి గోరు కూడా దిద్దాడు. గోరు నియమావళిలో లేదని కొంత చర్చ జరిగింది గానీ, కొలతకి అడ్డు రాదని ఉంచేశారు. మఖమల్ గుడ్డ పరిచిన గాజు పెట్టెలో దాన్ని నిలబెట్టి, ఆఫీసులో ఆవిష్కరణ చేశారు. దండ వేద్దామంటే వేలికి తగ్గ దండ దొరకలేదు. ఒక్క బంతిపువ్వు నెత్తిన పెట్టారు.

"నేటితో మన జిల్లాయందు ఉంగరమునకు ఒక నిశ్చితత్వము లభించినది," అని మార్కండేయులు గారు ఉపన్యసించారు. "ఇకపై వేలిని బట్టి ఉంగరము కాదు. ఉంగరమును బట్టి వేలు!"

చప్పట్లు కొట్టాం. బొటనవేళ్ళు కూడా కలిపే కొట్టాం.

ఇక మీదట ఉంగరం ఏది చేసినా, మంగళ, శుక్రవారాల్లో ఆ ఆఫీసుకే వచ్చి, ఆ కొయ్యవేలికే తీగ చుట్టి, ముద్ర వేయించుకుని పట్టుకెళ్ళాలి. తొడుక్కునే వాళ్ళు కూడా పేరు రాయించుకోవాలి. వాళ్ళని ద్వితీయ లబ్ధిదారులంటారు. త్రిపుర టీచర్ పేరు మొదటి రోజే రాయించుకుంది. పేర్లు రాయించుకున్న క్రమంలోనే ఉంగరాలన్నారు. తీరా చూస్తే జాబితా అక్షరక్రమంలో వేశారు. అచ్చులూ, క, చ, ట వర్గాలూ అన్నీ అయ్యాక గాని 'త' రాదు.

హైమ మంగళవారం వెళ్ళి 'అ' నుంచి 'ఐ' దాకా చుట్టింది. శుక్రవారానికి మా వీధిలో కష్టాలు మొదలయ్యాయి.

ఆడవాళ్ళ వేళ్ళకి అవి ఉంగరాలు కావు, గాజులు. చెయ్యి దించితే జారేవి, ఎత్తితే మోచేతి వైపు దొర్లేవి. అరుంధతి గారి ఉంగరం చింతపండు పులుసులో పడి, మూడోనాడు వాళ్ళ మావగారి పళ్ళ కింద దొరికింది. ఇందుమతి గారిది పిండిమరలో పడితే మర ఆగిపోయింది. అందరూ కలిసి మార్కండేయులు గారి మీదికి వెళ్ళారు. హైమ వెంట నేనూ వెళ్ళాను.

"జారిపోతున్నాయండీ బాబూ!" అంది అరుంధతి గారు.

ఆయన ఒక ఉంగరం తీసుకుని కొయ్యవేలికి తొడిగి చూశారు. అతికినట్టు సరిపోయింది. "ఉంగరంలో లోపం ఏమీ లేదమ్మా. చూశారుగా, ప్రమాణానికి సరిగ్గా ఉంది. మీ వేళ్ళే ప్రమాణానికి చాలడం లేదు."

"చాలడం లేదా? ముప్పై ఏళ్ళుగా ఈ వేళ్ళతోనే పదిమందికీ వండి వడ్డిస్తున్నానండీ, ఏ రోజూ తక్కువ కాలేదు!"

"ఆవేశపడకండి. మండలి మీ వెంట ఉంది. వేళ్ళ కొరత తీర్చుటకు తగు చర్యలు తీసుకొనబడును."

తీసుకొనబడ్డాయి. వదులైన ఉంగరం కింద ఆడవాళ్ళు కాస్త దారం చుట్టుకోవడం ఎప్పట్నుంచో ఉన్నదే. మార్కండేయులు గారు దాన్ని శాఖల సమన్వయం అన్నారు. చేనేత వాళ్ళతో మాట్లాడి నూలు కండెలు తెప్పించారు. ఒక్కొక్కరికీ ముప్పై చుట్ల వరకు మంజూరు. అంతకు మించితే వైద్యుడి ధ్రువపత్రం కావాలి. పదిరోజులు తిరిగేసరికి మా వీధి ఆడవాళ్ళందరి వేళ్ళకీ తెల్లటి కట్లు. బయటూరి నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి బస్టాండులో దిగి, ఈ ఊళ్ళో కత్తిపీటలు మహా పదును కాబోలని అనుకుంటూ పోయాడు.

ఈలోగా త్రిపుర టీచర్‌కి చుట్ల లెక్క కట్టారు. ఆ పెద్ద ఉంగరం కణుపు దాటుతుంది, నిజమే. దాటాక నిలబడాలంటే అరవై రెండు చుట్లు కావాలి.

"ముప్పైకి మించింది," అన్నారు మార్కండేయులు గారు బాధగా.

"ముప్పై రెండు మించింది," అని టీచర్ ఆయన లెక్క సరిచేసి, తిన్నగా ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళింది. కాంతారావు గారు గొడుగు పట్టారు. అప్పటికి వానలు పట్టుకున్నాయి.

డాక్టరు ఆవిడని చూడగానే లేచి నిలబడ్డాడు. ఆయనా గోడకుర్చీ వేసినవాడే. "నొప్పి ఎక్కడ టీచర్?"

"నొప్పి లేదురా చలపతీ. ఉంగరం ఉంది. ఇది వేలేనని కాగితం రాసియ్యి."

"వేలేనని రాయడమేంటి టీచర్? చూస్తే తెలీదా?"

"నీకు తెలుస్తుంది. ఫైలుకి తెలీదు."

చలపతి రాసిచ్చాడు. 'ఈమె ఉంగరపు వేలు పుట్టుక నుండి ఈమెదే అనియు, దానికి అరవై రెండు చుట్ల నూలు చుట్టుటవలన ప్రాణహాని లేదనియు ధ్రువీకరించడమైనది.' కాంతారావు గారు ఆ కాగితం తడవకుండా చొక్కా లోపల పెట్టుకున్నారు. దారిలో మాత్రం ఒక్క మాటన్నారట. "అంత నూలు చుడితే పెళ్ళికూతురికి దెబ్బ తగిలిందనుకుంటారేమో త్రిపురా."

"అనుకోనీండి. రూలు ప్రకారం తగిలిన దెబ్బ."

అని నవ్విందట గానీ, ఆ రాత్రి అన్నం సయించలేదని మర్నాడు హైమతో చెప్పింది. "యాభై ఎనిమిదేళ్ళు ఆగానే హైమా. ఉంగరం అందంగా ఉండాలని అనుకోవడం కూడా ఆశేనా?" అని అడిగింది. హైమ మజ్జిగ కలిపి ఇచ్చింది. నేను వినకూడని మాట విన్నట్టు పేపరు అడ్డం పెట్టుకున్నాను.

'త' అక్షరం పెళ్ళి ముందు శుక్రవారానికి రావాలి. ఆ రోజు తుఫాను సెలవిచ్చారు. మంగళవారం నాడు ముద్ర వేసే గుమాస్తా సెలవు పెట్టాడు. చివరికి మార్కండేయులు గారు పెద్ద మనసు చేసుకుని, ప్రత్యేక అనుమతి మీద గురువారం ఉదయం పదింటికి రమ్మన్నారు. రిజిస్ట్రారాఫీసు అదే ఆవరణలో ఎదురు భవనం. ఉంగరం ఇక్కడ, సంతకం అక్కడ. మధ్యలో గంటన్నర.

గురువారం పదింటికి మేం నలుగురం అక్కడున్నాం. టీచర్ లేత పసుపు పట్టుచీర కట్టుకుంది. చేతిలో ధ్రువపత్రం, నూలు కండె. అప్పటికి తొమ్మిది రోజులుగా వాన. గోడలన్నీ చెమర్చి ఉన్నాయి. గుమాస్తా గాజు పెట్టె తెరిచి ప్రామాణిక వేలుని బయటపెట్టాడు. మార్కండేయులు గారు ఎప్పటిలాగే హైమ పటకారు కవరు చింపి, సంతకం పెట్టించుకుని ఇచ్చారు.

హైమ ఆకుపచ్చ పూస తీసింది. కొయ్యవేలి మొదలు దగ్గర రెండు చుట్లు చుట్టింది, పూస దూర్చింది, కొసలు మెలిపెట్టింది, నొక్కింది, గోటితో రాసి చూసింది. చక్కగా కుదిరింది. గుమాస్తా రిజిస్టరులో ముద్ర వేశాడు. మార్కండేయులు గారు సంతకం చేశారు.

"ఇక తీయండి," అన్నారు.

హైమ లాగింది. రాలేదు. మెల్లిగా తిప్పుతూ లాగింది. సగం దాకా వచ్చి ఆగింది. నేనో చెయ్యి వేశాను, గుమాస్తా ఒక చెయ్యి వేశాడు. ఒక కొయ్యవేలి చుట్టూ ఇరవై వేళ్ళు. ఉంగరం కదల్లేదు.

టీచర్ కళ్ళజోడు సవరించుకుని వేలు దగ్గరికి వంగి చూసింది. వచ్చిన ప్రతి ఉంగరమూ కొస మీదుగానే తీయడంతో అక్కడ రంగు అరిగిపోయింది. రంగు పోయిన చోట మెత్తటి పొనికి చెక్క తొమ్మిది రోజుల చెమ్మ తాగి బొడిపెలా ఉబ్బింది. మొదలు దగ్గర మాత్రం ఎప్పటిలాగే సన్నగా ఉంది.

టీచర్ తన ఎడమచెయ్యి దాని పక్కన పెట్టి చూసుకుంది. "పాపం, దీనికీ నా జబ్బే వచ్చింది," అంది.

పదింపావు అయింది.

"కోసెయ్యనా సార్?" అంది హైమ.

"ముద్ర పడ్డ ఉంగరమమ్మా! ధ్రువీకరించిన వస్తువుని ఛేదించుట నేరం."

"పోనీ వేలు కాస్త చెక్కుదురూ," అన్నాను.

నేనేదో ఆయన కన్నకొడుకుని చంపమన్నట్టు మార్కండేయులు గారు నా కేసి చూశారు. "జిల్లా మొత్తానికీ అదొక్కటే వేలండీ! చెక్కితే ఇప్పటిదాకా చేసిన ఉంగరాలన్నీ తప్పయిపోతాయి. ఎండలు వచ్చేదాకా ఆగితే అదే తగ్గుతుంది. ఈలోగా పైకి రాసి, ఎండబెట్టుటకు అనుమతి కోరతాను."

"ఎండలు ఎప్పుడొస్తాయి నాయనా?" అంది టీచర్.

"కార్తీకం వెళ్ళాక..."

టీచర్ కుర్చీలో కూర్చుండిపోయింది. పట్టుచీర కొంగు తడిసి ఉంది. కాంతారావు గారు పక్కన నిలబడి, ఉంగరం లేకపోయినా ఫరవాలేదు త్రిపురా అనబోయి, ఆవిడ మొహం చూసి ఆగిపోయారు. మార్కండేయులు గారు కూడా ఆ మొహం చూశారు. ఆయన చేతిలో కలం అటూ ఇటూ తిరిగింది. రాయడానికి ఏమీ దొరకలేదు. ఆయన ఉద్యోగంలో అలాంటి రోజు అదొక్కటేనని తర్వాత గుమాస్తా చెప్పాడు.

"ఆ నియమావళి ఒకసారి ఇలా ఇవ్వండి," అంది టీచర్.

ఇచ్చారు. పరీక్ష పేపరు దిద్దినట్టు చూపుడువేలు వరస వెంట జరుపుతూ చదవడం మొదలుపెట్టింది. పదిహేడో నియమం దగ్గర వేలు ఆగింది.

"ఉంగరమునకు ఏటా ఒకసారి గ్రీజు పెట్టవలెను. ఇదేంటి మార్కండేయులు గారూ?"

"అది... పథకం హడావుడిగా వచ్చిందమ్మా. సమయాభావం వల్ల పంపుసెట్ల పథకం నియమావళిని స్వీకరించాం. మోటారు అని ఉన్న చోటల్లా ఉంగరం అని మార్చాం."

"కాపీ," అంది టీచర్.

"స్వీకరణ," అన్నారు ఆయన తల దించుకుని.

టీచర్ ఇంకో పేజీ తిప్పింది. కళ్ళజోడు పైకి నెట్టుకుంది. ఈసారి గొంతులో బళ్ళో గంట మోగింది.

"ఇరవై ఒకటో నియమం వినండి. 'ఉంగరము చెడిపోయినచో దానిని కార్యాలయమునకు తీసుకురానవసరము లేదు. లబ్ధిదారు వద్దనే, ఉన్నచోటనే, తీగను పూర్తిగా విప్పి, అవసరమును బట్టి తిరిగి చుట్టవచ్చును. దీనికి కొలతలు వర్తించవు. చెడిపోవుట అనగా, తిరగవలసినది తిరగకుండుట.'"

హైమ గబుక్కున కొయ్యవేలు ఎత్తి మార్కండేయులు గారి మొహం ముందు పెట్టింది. "సార్, తిప్పండి!"

ఆయన రెండు వేళ్ళతో ఉంగరం పట్టుకుని తిప్పారు. బిగిసి ఉంది. ఇంకోసారి, కొంచెం ఆశగానే, తిప్పారు.

"తిరగడం లేదు," అన్నారు. తర్వాత నిటారుగా కూర్చుని, అధికార కంఠంతో మళ్ళీ అన్నారు. "పరిశీలించగా, ఉంగరము తిరుగుట లేదని రూఢి అయినది. చెడిపోయినట్లు ధ్రువీకరించడమైనది. మరమ్మతు చేయండమ్మా. త్వరగా!"

హైమ కొసలు లేపి, తీగ విప్పేసింది. పూస అరచేతిలోకి దొర్లింది. పీట లేదు గనక ఫైళ్ళ కట్ట మీద కూర్చుంది. టీచర్ ఎదురుగా కుర్చీలో చెయ్యి చాపింది. కణుపు దాటించి, లోపల సన్నటి చోట తీగ రెండు చుట్లు తిరిగింది. ఆకుపచ్చ పూస మధ్యలోకి వచ్చి కూర్చుంది. అటొక మెలిక, ఇటొక మెలిక. నొక్కింది. గోటితో రాసి చూసింది.

"గుచ్చుకుంటోందా టీచర్?"

"లేదే," అంది టీచర్. కళ్ళు మాత్రం తుడుచుకుంది.

నూలు కండె గుమాస్తా బల్ల మీదే ఉండిపోయింది. ఆవరణ దాటడానికి ఒక్క గొడుగు చాలలేదు. మార్కండేయులు గారు ఆఫీసు గొడుగు తీసి తానే టీచర్ తలకి పట్టుకుని నడిచారు. రిజిస్ట్రారు ముగ్గురు సాక్షులు కావాలంటే హైమ, నేను, మూడోవారు ఆయన. కాంతారావు గారు ఉంగరం తొడిగే అవకాశం పోయినందుకు, ఉన్న ఉంగరాన్నే ఒకసారి సవరించి సరిపెట్టుకున్నారు. మార్కండేయులు గారు సాక్షిగా సంతకం పెట్టి, అలవాటు ఆగక దాని కింద 'పరిశీలించి ఆమోదించడమైనది' అని రాశారు. రిజిస్ట్రారు కొట్టేయబోతే టీచర్ వద్దంది.

ఆ రోజు తర్వాత మా జిల్లాలో ఒక్క ఉంగరం కూడా తయారు కాలేదు. అన్నీ మరమ్మతులే. హైమ గుమ్మం మీద 'ఇచ్చట ఉంగరములు మరమ్మతు చేయబడును' అని మండలి వారే బోర్డు పెట్టించారు. ఆడవాళ్ళు వచ్చి పీట మీద కూర్చుంటారు, చెయ్యి చాపుతారు, పది నిమిషాలు కబుర్లాడి మరమ్మతు చేయించుకుని వెళ్తారు. ఏడాది నివేదికలో కొత్త ఉంగరాలు సున్నా, మరమ్మతులు నాలుగు వందల పదకొండు అని వెళ్ళింది. ఇంత పాత ఉంగరాలని ఇంత జాగ్రత్తగా కాపాడుకుంటున్న జిల్లా ఇంకొకటి లేదని పైనుంచి అభినందన వచ్చింది.

మొన్న ఆదివారం మధ్యాహ్నం మార్కండేయులు గారు సొంత స్కూటరు మీద వచ్చారు. వెనకాల ఆయన భార్య. ఆవిడ సిగ్గుపడుతూ పీట మీద కూర్చుని చెయ్యి చాపింది. సన్నటి వేలు. బోసిగా ఉంది.

"మా ఆవిడదమ్మా, కాస్త మరమ్మతు చేసిపెట్టాలి," అన్నారాయన.

"తప్పకుండా సార్," అని హైమ ఆవిడ చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసింది. "ఉంగరమేదీ?"

మార్కండేయులు గారు వీధిలోకి ఒకసారి చూసి, గొంతు తగ్గించారు.

"పాతికేళ్ళుగా లేదమ్మా. అదే చెడిపోయింది."